ఒప్పుకుంది కదా!

మొన్న మధ్యాహ్నం మా వాకిట్లో ఎండబోసిన మిరపకాయలకు తొడిమలు తీస్తూ నలుగురం కూర్చున్నాం. మాటల్లో మాటగా ఒక అమ్మాయి సంగతి వచ్చింది. డబ్బు కట్టినవాళ్లకు మాత్రమే ఆన్‌లైన్‌లో తన వీడియోలు చూపిస్తుందట. ఎవడో డబ్బు కట్టి చూసి, దాన్ని దొంగతనంగా దాచుకుని వాట్సాప్ గ్రూపుల్లో వదిలాడట. "ఇష్టపడే చేసింది గద, ఇప్పుడు ఏడ్సుడెందుకు?" అన్నది పక్కింటి అక్క. మిగతా ఇద్దరూ తలూపారు. నిజం చెప్పొద్దూ, ఒక్క క్షణం నేనూ ఊపాను.

రాత్రి గిన్నెలు సర్దుకున్నాక మళ్లీ ఆ మాటే బుర్రలో తిరిగింది. ఒప్పుకుంది, సరే. దేనికి ఒప్పుకుంది? ఎవరికి చూపడానికి? పెళ్లిలో మనమంతా ఫొటో దిగుతాం. ఆ ఫొటోను ఎవడో తన సబ్బు డబ్బా మీద అచ్చేసుకుంటే "దిగింది కదా" అని ఊరుకుంటామా?

ఈ తేడా మన చట్టానికి తెలుసు. నిర్భయ ఘటన తర్వాత 2013లో ఐపీసీలో 354సి సెక్షన్ చేర్చారు. 2024 జులై 1 నుంచి అది భారతీయ న్యాయ సంహితలో 77వ సెక్షన్ అయింది. ఏకాంతంలోని చిత్రం తీయడానికి స్త్రీ ఒప్పుకున్నా, దాన్ని ఇతరులకు పంచడానికి ఒప్పుకోకపోతే పంచడం నేరమేనని అందులో స్పష్టంగా రాసి ఉంది. మొదటిసారి అయితే ఏడాది నుంచి మూడేళ్ల దాకా జైలు. డబ్బు తీసుకుని పదిమందికి చూపిన వీడియోకు ఇది వర్తిస్తుందా అని లాయర్లు వాదించుకోవచ్చు. కానీ తీయడం వేరు, పంచడం వేరు అన్న సూత్రం మాత్రం అందులో ఉంది.

అసలు చిక్కు ఇంకోచోట ఉంది. ఐటీ చట్టంలోని 67ఏ సెక్షన్ ప్రకారం లైంగిక దృశ్యాలను ఎలక్ట్రానిక్ రూపంలో ప్రచురించినవారికి మొదటిసారి ఐదేళ్ల దాకా జైలు, పది లక్షల దాకా జరిమానా. దొంగిలించి పంచినవాడికి వర్తించే ఆ సెక్షన్, మొదట పెట్టిన ఆమె మెడకూ చుట్టుకోవచ్చు. ఇక ఆమె పోలీసు స్టేషన్ మెట్లెలా ఎక్కుతుంది? "ఫిర్యాదు ఇస్తే నువ్వే లోపలికి పోతావ్" అని బెదిరించి డబ్బు గుంజేవాడికి అంతకంటే ఏం కావాలి? ఆమె నీతిని కాపాడాలని పెట్టిన చట్టమే ఆమెను దోచుకునేవాడి చేతిలో కర్ర అవుతోంది.

ఈ పని నిజంగా ఇష్టంతో చేసేదేనా అనే వాదన పాతదే. హైదరాబాదులో ప్రజ్వల సంస్థ నడిపే సునీతా కృష్ణన్ దీన్ని పని అని ఒప్పుకోరు, దోపిడీ అంటారు. అత్యాచారాల వీడియోలు వాట్సాప్‌లో తిరుగుతున్నాయని 2015లో సుప్రీంకోర్టుకు లేఖ రాసి కదిలించింది ఆమే. అటు మహారాష్ట్రలోని సాంగ్లీలో వ్యాంప్ సంఘం మహిళలు మాత్రం "మా మీద జాలి వద్దు, మాది పనిగా చూడండి" అంటారు. ఎవరిని కాదంటాం? ఒకరు చూసింది ఒకటి, ఇంకొకరు బతికింది ఇంకొకటి.

వెబ్ సిరీస్‌లో వేషమని పిలిచి, తీరా వెళ్లాక బట్టలు విప్పమన్నారని 2021లో ముంబయి పోలీసులు పెట్టిన కేసు పేపర్లలో మనమంతా చదివాం. వాళ్ల ఆరోపణ నిజమైతే అందులో ఇష్టం ఎక్కడుంది? అదే ఏడాది ఆగస్టులో ఓన్లీఫ్యాన్స్ అనే బ్రిటన్ కంపెనీ, బ్యాంకులు ఒప్పుకోవడం లేదంటూ, అలాంటి వీడియోలు ఇక వద్దని ప్రకటించింది. వారం తిరక్కుండానే వెనక్కి తగ్గింది. ఆడవాళ్ల సంపాదనలో నూటికి ఇరవై తీసుకునే కంపెనీ అది. బతుకుతెరువు ఉంచాలో తీసెయ్యాలో వాళ్లను అడగకుండానే నిర్ణయించింది. నా ఇష్టం అనుకుని దిగినవాళ్లకు కూడా యజమాని ఉంటాడన్నమాట, కాకపోతే కనిపించడు.

ఇక గౌరవం సంగతి. 2023 నవంబరులో రష్మిక మందన్న ముఖం అతికించిన నకిలీ వీడియో వస్తే దేశమంతా మండిపడింది, మండిపడాల్సిందే. మరుసటి జనవరిలో ఢిల్లీ పోలీసులు అరెస్టు చేసింది మన గుంటూరు కుర్రాణ్నే. అయితే ఆ వీడియోలో ముఖం రష్మికది, ఒళ్లు మాత్రం బ్రిటన్‌లో ఉండే ఇంకో అమ్మాయిది. తనకూ బాధగా ఉందని ఆ అమ్మాయి చెప్పుకుంది. ఆమె గురించి మనలో ఎంతమందిమి అడిగాం? తన ఫొటోలు తనే పెట్టుకునే పిల్ల కదా, ఆమెకేం అనుకున్నాం. నాటకంలో మధురవాణిని నూరేళ్లకు పైగా మెచ్చుకుంటున్నాం, వీధిలో కనిపిస్తే మాత్రం తలుపేసుకుంటాం.

సుప్రీంకోర్టు ఇలా తలుపేసుకోలేదు. 2022 మే 19న తెలుగువారైన జస్టిస్ లావు నాగేశ్వరరావు నేతృత్వంలోని ధర్మాసనం, సెక్స్ వర్కర్లకు కూడా అందరితో సమానంగా గౌరవంగా బతికే హక్కు ఉందని చెప్పింది. వాళ్ల మీద లైంగిక దాడి జరిగితే మిగతా బాధితులకు ఇచ్చే సాయమంతా ఇవ్వాలంది. పోలీసులు మర్యాదగా మాట్లాడాలంది. పత్రికలు, టీవీలు పేర్లూ ఫొటోలూ బయటపెట్టొద్దంది. అయినా ఎక్కడో దాడి జరిగిందంటే చున్నీల్లో ముఖాలు దాచుకున్న ఆడవాళ్ల ఫొటోలే ఇప్పటికీ కంటబడుతుంటాయి. డబ్బిచ్చి వచ్చిన మగవాళ్ల ఫొటో నేనైతే చూసిన గుర్తు లేదు.

ఇదంతా మర్నాడు పక్కింటి అక్కకు చెప్పాను. ఆమె కాసేపు ఊరుకుని, "మంచిదే చెల్లె, మరి ఠాణకు పోతే రాసుకుంటరా? రాసుకున్నా సాయంత్రానికి ఊరంత తెల్వదా?" అంది. ఆ భయం ఉత్తది కాదు. మా కేసముద్రంలో ఎవరు స్టేషన్‌లోకి వెళ్లినా బస్సు దిగేవాళ్ల నుంచి టీ కొట్టు దాకా చూస్తారు. అందుకే ఆమెకు చెప్పిందే మీకూ చెబుతున్నాను. సొంతూళ్లోనే ఫిర్యాదు ఇవ్వాలని లేదు, ఏ స్టేషన్‌లోనైనా ఇవ్వొచ్చు. దాన్ని జీరో ఎఫ్‌ఐఆర్ అంటారు. అక్కడ నమోదు చేసి సంబంధిత స్టేషన్‌కు పంపాలి. రాసుకోమంటే ఎస్పీకి పోస్టులో పంపొచ్చు. జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో ఇలాంటి వీడియోల మీద పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు పెట్టొచ్చు.

"వరంగల్‌కు పోయి ఇయ్యొచ్చన్నట్టు" అన్నది అక్క, చేటలోని మిరపకాయలు ఎగరేస్తూ.