ఆటలోని వీరుఁడు: ఒక్క విద్యయా, అన్నియుఁ గొంచెమా?

సెలవులకు మా యింటికి వచ్చిన మా అక్కగారి కుమారుఁడు డంజన్స్ అండ్ డ్రాగన్స్ అను ఆట పుస్తకమును వెంటఁ దెచ్చెను. మా వారు సూత్రధారులుగాఁ గూర్చుండిరి. అతఁడును, మా యమ్మాయియు, పొరుగింటి పిల్లలిద్దఱును ఆడిరి. మేము వంట ముగించుకొని ప్రక్కను గూర్చుండి చూచుచుంటిమి. ఈ నెల సోదరీమణులకుఁ జెప్పఁదలఁచినది ఆ యాటలోని యొక చిక్కును గుఱించియే.

ఎఱుఁగనివారి కొక్కమాట. ఈ యాటను అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనువారు కల్పింపఁగా 1974లోఁ బ్రకటితమయ్యెను. మన వైకుంఠపాళివలె నిందుఁ గాయలు ముఖ్యములు కావు, మాటయే ముఖ్యము. ఒక్కొక్కరొక వీరునిఁ గల్పించుకొని “నేనిట్లు చేయుదును” అని చెప్పుదురు. అది నెగ్గునో లేదో 20 ముఖముల పాచిక తేల్చును. వీరునకు బలము, లాఘవము, దేహదార్ఢ్యము, బుద్ధి, వివేకము, ఆకర్షణము అని యాఱు గుణములు. తొలినాళ్లలో మూఁడు పాచికలు వేసి, పడిన మొత్తమును వరుసగాఁ జేకొనవలసినదే. నొసటి వ్రాఁత వంటిది. 2014లో వచ్చిన అయిదవ కూర్పులో వేఱొక మార్గము గూడఁ గలదు. 27 పాళ్లు మన చేతికిచ్చి, గుణములను 8 మొదలు 15 వఱకుఁ గొనుమందురు. 13 వఱకు మెట్టునకొక పాలు. ఆపై రెండు మెట్లకును రెండేసి.

ఇచ్చటనే తగవు. అబ్బాయి మూఁడు గుణములను 15 చేసి, తక్కిన మూఁటిని 8 వద్ద విడిచెను. బలమున నతనికి సాటిలేదు, వివేకము 8. అమ్మాయి మూఁడింటిని 13, మూఁడింటిని 12 చేసికొనెను. రెండును సరిగా 27 పాళ్లే. పాచికపై 15కుఁ గలియునది 2. 13కును, 12కును 1. 8 ఉన్నచో ఒకటి తగ్గును. మొత్తము కూడినచో అమ్మాయికి 6, అతనికి 3. “అన్నయ్యకంటె నాదే మేలు” అని యామె మురిసెను. పద్దు చూచి మేమును అట్లే యనుకొంటిమి.

పద్దు వేఱు, పని వేఱు. తాళము తీయవలసినచో పొరుగు పిల్లవాని గజదొంగ ముందునకు వచ్చును. తలుపు పగులఁగొట్టవలెనన్న అన్నయ్య. మంత్రమునకు వేఱొకఁడు. ప్రతి పనికిని అందఱికంటె నేర్పరియైనవాఁడే పాచిక వేయును. అన్నిటను రెండవదియగు మా యమ్మాయి నాలుగు సాయంకాలములు దాదాపుగా మాటాడకయే కూర్చుండెను. అయిదవనాఁడు అన్నము వడ్డించుచుండఁగా “అమ్మా, నాకన్నియు వచ్చును గదా, నన్నెవరును బిలువరేమి?” అనెను. మా చేతిలోని గరిటె నిలిచిపోయెను. ఇంటిలో అన్నియుఁ గొంచెము కొంచెముగాఁ జేయువారికి ఈ ప్రశ్న క్రొత్తది కాదు.

అయినచో అబ్బాయి మార్గమే మేలందుమా? మఱునాఁడే దాని ఫలమును జూచితిమి. మాయలాడి యొకతె మతి చెఱచు మంత్రమును అందఱిపై విసరెను. అట్టియెడ ఒకరికై యొకరు పాచిక వేయరాదు. ఎవరి వివేకము వారిదే. 13 రావలెను. అతనికి 9 పడెను. ఒకటి పోఁగా 8. ఆ మహాబలుఁడు కత్తి త్రిప్పి తనవారిపైననే పడెను! అమ్మాయికి 12 పడెను. ఒకటి కలియఁగా 13. ఆమె నిలిచినది గనుకనే తక్కినవారు బ్రదికిరి. యక్షుని కొలనుగట్టున భీముని గద యేమయ్యెను, అర్జునుని విల్లేమయ్యెను? అచట నడిగిన గుణము వేఱు. ఆ భీమునకే విరాటుని కొలువులోఁ దావిచ్చినది వంట నేర్పు.

నలుగురైదుగురు కూడి యాడునపుడు ప్రతివారికిని, తమ్ముఁ బేరుపెట్టి పిలువఁదగిన విద్య యొకటి యుండవలెనని మా యభిప్రాయము. దానికిఁ దోడు రెండవదొకటి. వివేకమును మాత్రము 8 వద్ద విడువరాదు; ప్రాణబలమునకు మూలమైన దేహదార్ఢ్యమును అంతే. ఇద్దఱే యాడినచో అమ్మాయి పద్ధతియే నయము. లేనివారి పనియుఁ దామే చేయవలసి వచ్చును గదా. చప్పుడు కాకుండ అందఱును నడువవలసినపుడు సగముమంది నెగ్గిన గుంపంతయు నెగ్గినట్లే యను నియమము గలదు. అచటను 8 గలవారిని 12 గలవారు మోసికొనిపోవుదురు. పైగా వీరుఁడెంత పెరిగినను ఒక గుణము 20 దాఁటరాదని సాధారణ నియమము. అది నిండిన పిదప ఒక్క విద్యనే నమ్మినవాఁడును వేఱొక దానివైపు చూడక తప్పదు.

మా వారి యనుమతితో అమ్మాయి తన వీరురాలిని మరలఁ గల్పించుకొనెను: 15, 14, 13, 12, 10, 8. ఇదియు 27 పాళ్లే. ఆకర్షణము 15, వివేకము 14. బలమును 8 వద్ద విడిచెను. ఆ సాయంకాలము వంతెనయొద్దఁ గావలివాఁ డడ్డగింపఁగా అబ్బాయి కత్తి దించి “చెల్లీ, నీవు మాటాడుము” అనెను. ఆమె పాచిక వేసెను. 3 పడెను. వంతెన దాఁటలేదు గాని, ఆ రాత్రి మా యమ్మాయి రెండు ముద్దలెక్కువే తినెను.