జైలు భయం కాదు, ముందు పరీక్ష



ఈ మధ్య మా దవాఖానాకు ఒక తండ్రి వచ్చారు. కూతురి సంబంధం ఖాయమైంది. "హకీమ్ సాబ్, అబ్బాయికి తెలియకుండా హెచ్.ఐ.వి. పరీక్ష చేయించవచ్చా? రోగం దాచి నికాహ్ చేసుకుంటే జైల్లో వేస్తారా?" అని మెల్లగా అడిగారు. ఈ సందేహం చాలా ఇళ్ళలో ఉంది. పైకి అడగరు, అంతే.

మొదటిదానికి జవాబు, కూడదు. 2017లో వచ్చిన హెచ్.ఐ.వి. చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమలులో ఉంది. దాని ప్రకారం మనిషి ఒప్పుకోకుండా పరీక్ష చేయరాదు. తెలిసి ఉన్నవారు మాత్రం ముందే చెప్పడమో, ఎదుటివారికి సోకకుండా జాగ్రత్త పడడమో చేయాలి. అయితే చెబితే కొడతారు, గెంటేస్తారు అని భయపడే స్త్రీకి ఈ నియమం నుంచి మినహాయింపు ఉంది.

ఇక రెండవది. శిక్ష ఉంది. ప్రాణాపాయమైన రోగం సోకే అవకాశమున్న పనిని నిర్లక్ష్యంతో చేస్తే 6 నెలల వరకు, దురుద్దేశంతో చేస్తే 2 సంవత్సరాల వరకు జైలు. పాత శిక్షాస్మృతిలో ఇవి 269, 270 సెక్షన్లు. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 271, 272.

హెచ్.ఐ.వి. ఉన్నవారికి పెళ్ళి హక్కు నిలిచిపోతుందన్నట్టు 1998లో సుప్రీంకోర్టు ఒక తీర్పులో అన్నది. ఆ మాటలు ఆ కేసుకు అవసరం లేనివని 2002లో తానే చెప్పింది. అంటే నిజం చెప్పి, ఇద్దరూ ఇష్టపడితే నికాహ్‌కు చట్టం అడ్డు కాదు.

కావాలని అంటించినవాడికి శిక్ష పడవలసిందే. కానీ జైలు మీద ఆశ పెట్టుకుని కూతుర్ని అప్పగించకండి. కేసు నడిచేది రోగం సోకే ప్రమాదం ఎదురైన తరువాతే. పైగా పోలీసులంటే భయపడేవాడు "తెలియకపోతేనే మేలు" అని పరీక్షకే పోడు. పరీక్ష లేదు గనుక మందు లేదు, మందు లేదు గనుక భార్యకు అంటుతుంది. చివరికి గర్భిణిగా పరీక్ష చేయించుకున్న ఆమెకే ముందు బయటపడుతుంది, నింద ఆమె మీదే పడుతుంది. ఇదేం న్యాయం?

హకీముగా ఒక మాట దాచకుండా చెబుతున్నాను. హెచ్.ఐ.వి.ని నయం చేసే నుస్ఖా మా యునానీలో లేదు. ఏ మాజూన్ పేరు చెప్పినా నమ్మి ఏ.ఆర్.టి. మందులు మానకండి. 2004 నుంచి సర్కారు వాటిని ఉచితంగా ఇస్తోంది. తాంబరంలో కూడా అప్పుడే మొదలుపెట్టారు. రోజూ వాడి, రక్తపరీక్షలో వైరస్ కనబడనంతగా తగ్గి, అలాగే నిలిస్తే కాపురంలో భాగస్వామికి సోకదు. ఆతిషక్ (సవాయి), సూజాక్ (సెగ) అయితే డాక్టరు మందుతో పూర్తిగా నయమవుతాయి.

అందుకే ఆ తండ్రితో అన్నాను: "దొంగచాటు వద్దు భాయ్. అబ్బాయిని, అమ్మాయిని ఇద్దరినీ సర్కారీ ఆసుపత్రికి వెళ్ళమనండి. తారీఖు పెట్టకముందే. ఫలితం వాళ్ళిద్దరి మధ్య అమానత్, మీరూ నేనూ అడగకూడదు." సలహా కావాలంటే 1097కు ఉచితంగా ఫోను చేయవచ్చు.

కట్నకానుకల గురించి గంటలు మాట్లాడే పెద్దలు ఈ ఒక్క మాట మాట్లాడడానికి సిగ్గుపడవద్దు.