ఆడొద్దని చెప్పగలిగే మనిషి

2024 జనవరి 28న ఉప్పల్ స్టేడియంలో రవీంద్ర జడేజా ఓ పరుగు కోసం పరుగెత్తి, బెన్ స్టోక్స్ విసిరిన బంతికి రనౌటయ్యాడు. తొడ వెనక కండరం పట్టేసిందని అతని నడకలోనే తెలిసిపోయింది. ఇంగ్లండ్ 28 పరుగుల తేడాతో గెలిచిన ఆ టెస్టు అనగానే మనకు ఓలీ పోప్ 196, టామ్ హార్ట్‌లీ ఏడు వికెట్లు గుర్తొస్తాయి. కానీ ఆ నాలుగు రోజుల్లో ముగ్గురు దెబ్బతిన్నారు. జడేజాకు తొడ వెనక, కేఎల్ రాహుల్‌కు తొడ ముందు, ఇంగ్లండ్ స్పిన్నర్ జాక్ లీచ్‌కు మోకాలు. లీచ్, రాహుల్ ఆ సిరీస్‌లో మళ్లీ ఆడలేదు. జడేజా మాత్రం విశాఖ టెస్టు వదిలేసి, ఫిబ్రవరి 15న రాజ్‌కోట్‌లో దిగాడు. సెంచరీ కొట్టి, రెండో ఇన్నింగ్స్‌లో ఐదు వికెట్లు తీశాడు.

మధ్యలో గడిచిన పద్దెనిమిది రోజులు ఏ స్కోరుకార్డులోనూ కనబడవు. ఫిజియో ఉద్యోగమంతా అలాంటి రోజుల్లోనే ఉంటుంది. కండరం పట్టేస్తే నొప్పి తొందరగానే తగ్గుతుంది గానీ బలం అంత తొందరగా తిరిగి రాదు. ఆటగాణ్ని బోర్లా పడుకోబెట్టి, మడమ దగ్గర చెయ్యి అడ్డుపెట్టి, మోకాలు మడవమంటారు. ఆ కాలి బలం రెండో కాలితో సమానమైందో లేదో చూస్తారు. తర్వాత జాగింగ్, సగం వేగం, ముప్పాతిక వేగం, చివరికి పూర్తి వేగంతో పరుగెత్తి ఒక్కసారిగా ఆగి వెనక్కి తిరగడం. ఎక్కడ పట్టేస్తే అక్కణ్ణుంచి ఒక మెట్టు దిగాల్సిందే. ఈలోగా ‘ఎప్పుడు ఆడతాడు?’ అని కెప్టెన్ అడుగుతాడు, కోచ్ అడుగుతాడు, టీవీవాళ్లు అడుగుతారు. అందరికంటే గట్టిగా అడిగేది ఆటగాడే. అంతమందికీ ‘ఇంకా కాదు’ అని చెప్పి, ఆ మాట మీద నిలబడాలి. ఈ వృత్తిలో అన్నిటికంటే కష్టమైన పని అదేనని నా నమ్మకం.

హైదరాబాద్ ఆటకు ఈ పని విలువ కొత్తగా చెప్పక్కర్లేదు. 2001 మార్చి 11న పుల్లెల గోపీచంద్ బర్మింగ్‌హామ్‌లో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ టైటిల్ గెలిచాడు. 1994లో పుణె జాతీయ క్రీడల్లో దెబ్బతిని, ఆపరేషన్లు చేయించుకున్న మోకాలితో గెలిచాడు. సరిగ్గా అదే రోజు కోల్‌కతాలో ఆస్ట్రేలియాతో టెస్టు మొదలైంది. దానికి ముందు మన వీవీఎస్ లక్ష్మణ్ నడుం పట్టేసింది. అద్దం ముందు నిలబడితే ఒళ్లు ఒక పక్కకు ఒరిగి కనిపించే స్థితి. అప్పటి జట్టు ఫిజియో, ఆస్ట్రేలియాకు చెందిన ఆండ్రూ లీపస్ ఆ నడుముతో కుస్తీ పట్టి అతణ్ని మైదానంలోకి పంపాడు. ఆ టెస్టులో లక్ష్మణ్ చేసిన 281 పరుగులు మనందరికీ కంఠోపాఠం. లీపస్ పేరు మన ఇళ్లలో ఎంతమందికి తెలుసు?

ఉప్పల్‌లో మ్యాచ్ ఉన్న రాత్రి నాచారం మేడల మీదికెక్కితే ఫ్లడ్‌లైట్ల వెలుగు కనిపిస్తుంది. ఈ వీధుల్లో బీపీటీ (ఫిజియోథెరపీ డిగ్రీ) చదివే పిల్లలు అడిగేది ఒకటే: ఆ డగౌట్‌లో కూర్చోవాలంటే ఏం చెయ్యాలి? డిగ్రీ సంగతి తేలిగ్గా చెప్పేయొచ్చు. ఇన్నాళ్లూ ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగున్నరేళ్లు. 2025లో వచ్చిన కొత్త జాతీయ పాఠ్యప్రణాళికలో ఐదేళ్లు. ఆపైన పీజీ, అంటే ఎంపీటీ, రెండేళ్లు. అసలు ప్రయాణం ఆ తర్వాతే మొదలవుతుంది. 2022లో భారత జట్టు ఫిజియో అయిన కమలేశ్ జైన్ అంతకుముందు దాదాపు పదేళ్లు కోల్‌కతా నైట్ రైడర్స్‌తో ఉన్నాడు. 2025లో ప్రపంచకప్ గెలిచిన మన మహిళల జట్టు ఫిజియో ఆకాంక్ష సత్యవంశీది ఛత్తీస్‌గఢ్. సింధు, శ్రీకాంత్‌లతో పనిచేసిన కిరణ్ చల్లగుండ్ల మన గోపీచంద్ అకాడమీలో ఫిజియోగా ఉన్నవాడే. దారి ఉంది. అయితే దాని మొదటి మెట్టు ఈ పిల్లలు చూస్తున్నవైపు లేదు.

ఆ మెట్టును నేను నాచారంలో ఒక చిన్న క్లినిక్‌లో చూశాను. రెండు మంచాలు, మధ్యలో పచ్చ కర్టెన్, మూల నొప్పి తగ్గించే ఒక ఐఎఫ్‌టీ మిషన్. ఫ్యాక్టరీలో లోడింగ్ చేసే మనిషి ఒకడు భుజం నొప్పితో వచ్చాడు. వారం బరువు ఎత్తొద్దంటే వారం కూలి పోతుంది. ఆ ఫిజియో అతనితో చాలాసేపు మాట్లాడి, ఏ బరువు ఏ చేత్తో ఎలా ఎత్తొచ్చో చేసి చూపించి పంపింది. తర్వాత కిట్ బ్యాగుతో ఒక కుర్రాడు వచ్చాడు. పదిహేడేళ్లుంటాయి, ఫాస్ట్ బౌలర్.

“నిన్న ఎన్ని బాల్స్ ఏసినవ్ తమ్మీ?”

“లెక్క పెట్టలే అక్కా. పొద్దుగాల మ్యాచ్, సాయంత్రం నెట్స్.”

“నొప్పి ఎప్పటిసంది?”

“పది పదిహేను రోజులాయె. ఆదివారం మ్యాచుంది, టేప్ ఏసి పంపియ్ అక్కా.”

టేపు ఆమె చేతికి అందేంత దూరంలోనే ఉంది. ఆమె దాన్ని ముట్టుకోలేదు. కుర్రాణ్ని ఎడమ కాలి మీద నిలబెట్టి వెనక్కి వంగమంది. సగం వంగి, పెదవి కొరుక్కుని ఆగిపోయాడు. కుడిచేత్తో వేసే పేసర్లకు నడుం ఎడమవైపు పట్టేస్తే వెన్ను ఎముకలో సన్నటి చీలిక మొదలైందేమో చూడాలి. ముందే దొరికితే కొన్ని నెలల విశ్రాంతితో మానుతుంది. అలాగే ఆడితే ఎముక విరగొచ్చు. ఆమె ఎంఆర్‌ఐ రాసి, “స్కాన్ సూసేదాక బౌలింగ్ బంద్” అంది. బయట కూర్చున్న తండ్రి లోపలికొచ్చాడు. “మ్యాచ్ పోతే సెలెక్షన్ పోతది మేడమ్.” ఇంకో ఇద్దరు పేషెంట్లు ఎదురుచూస్తున్నా ఆమె ఆయన్ని కూర్చోబెట్టి, ప్లాస్టిక్ వెన్నెముక బొమ్మ చేతికిచ్చి, వేలితో ఆ ఎముక చూపించి చెప్పింది. మాట మార్చలేదు.

జడేజాకైనా ఈ కుర్రాడికైనా ఫిజియో చెప్పాల్సిన మాట ఒకటే: ‘ఇంకా కాదు’. కాకపోతే జడేజా వెనక బోర్డు ఉంది, స్కాన్లున్నాయి, రాజ్‌కోట్ కాకపోతే రాంచీ ఉంది. 2025 ఇంగ్లండ్ పర్యటనలో మన సిరాజ్ ఐదు టెస్టుల్లో 1,113 బంతులు వేశాడు. ఆ ప్రతి బంతికీ లెక్క ఉంది. ఈ కుర్రాడి బంతులు లెక్కపెట్టినవాళ్లు ఎవరూ లేరు. అతనికి వద్దని చెప్పడానికి సిటీ మొత్తంలో దొరికింది ఆ అమ్మాయి ఒక్కతే. అదీ నాన్న ఫీజు కట్టి తీసుకొచ్చాడు కాబట్టి.

ఐపీఎల్ మ్యాచ్‌లకు ఆతిథ్యమిచ్చినందుకు హైదరాబాద్ క్రికెట్ సంఘానికి డబ్బు వస్తుంది. అందులో కొంత తీసి, లీగ్ మ్యాచ్ జరిగే ప్రతి మైదానంలో ఒక ఫిజియోను జీతమిచ్చి పెట్టాలి. అండర్-16, అండర్-19 ఫాస్ట్ బౌలర్లు మ్యాచ్‌లో, నెట్స్‌లో వేసే బంతులు రాసిపెట్టే పుస్తకం ఉండాలి. ఫిజియో వద్దన్న పిల్లాణ్ని ఏ కోచ్ మైదానంలోకి దించడానికీ వీల్లేదని నిబంధన రాయాలి. అప్పుడు మన బీపీటీ పిల్లలకు మొదటి ఉద్యోగం దొరుకుతుంది, మన పేసర్ల నడుములూ నిలుస్తాయి. వచ్చే సీజన్ మొదలయ్యేలోపే ఆ నియామకాలు జరగాలి. ఆలోగా పిల్లల్ని మైదానానికి తీసుకెళ్లే నాన్నలకు ఒక్క విన్నపం: ఇవాళ మీ అబ్బాయి ఎన్ని బంతులు వేశాడో మీరే లెక్కపెట్టండి. నడుం నొప్పి అంటే మ్యాచ్ మాన్పించండి.