బియ్యం ఉచితం... పప్పు భారం!

ఆదోని: నెల తిరిగేసరికి చౌకధరల దుకాణం నుంచి బియ్యం సంచి ఇంటికి చేరుతోంది. ఆ బియ్యం ఉడికాక అన్నంలోకి ఏమి వేసుకోవాలన్నదే ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల్లో కూలినాలి చేసుకునే కుటుంబాలను వేధిస్తున్న ప్రశ్న. పప్పు, నూనె, చింతపండు, కూరగాయలు, పాలు... ఇంటి లెక్క తలకిందులవుతున్నది వీటి దగ్గరే. సర్కారు దృష్టి బియ్యం మీద ఉండగా, పేదవాడి భారం బియ్యం నుంచి పప్పు మీదికి జరిగిపోయింది.

మారిన లెక్క

ఒకప్పుడు ధరలు పెరిగాయంటే తిండిగింజలు పెరిగాయనే అర్థం. జొన్న రొట్టె, సజ్జ రొట్టె తిని పెరిగిన ఈ మెట్ట ప్రాంతం, 1983లో ఎన్.టి.రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకం తెచ్చాక క్రమంగా అన్నానికి అలవాటు పడింది. 2023 జనవరి నుంచి కార్డులో పేరున్న ప్రతి మనిషికీ నెలకు ఐదు కిలోల చొప్పున బియ్యం ఉచితమైంది. జొన్న రొట్టె ఇప్పుడు పేదల తిండిగా మిగలలేదు. 2025-26లో కేంద్రం ప్రకటించిన మద్దతు ధర సాధారణ వడ్లకు క్వింటాలు 2,369 రూపాయలైతే, హైబ్రిడ్ జొన్నలకు 3,699 రూపాయలు.

దేశమంతటా ఇదే వరస. కేంద్ర గణాంక శాఖ సర్వే ప్రకారం 1999-2000లో పల్లె కుటుంబం ఖర్చులో 22 శాతం తిండిగింజలకే పోయేది. 2022-23 నాటికి అది ఐదు శాతానికి దిగింది. మొత్తం తిండి ఖర్చు మాత్రం ఇంకా 46 శాతం దగ్గరే ఉంది. బియ్యంలో మిగిలిన డబ్బు పాలకు, కూరగాయలకు, నూనెకు, అంగట్లో వేలాడే పొట్లాలకు పోతోందన్నమాట.

పప్పుకు ఏడు రోజుల కూలి

ఐదుగురున్న ఇంటిని తీసుకుందాం. కార్డు మీద 25 కిలోల బియ్యం వస్తాయి. 2024 జులైలో ప్రభుత్వం రైతుబజార్లలో బియ్యం కిలో 48 రూపాయలకు అమ్మించింది. నాణ్యతలో తేడా పక్కన పెట్టి ఆ ధరే కట్టినా, ఉచిత బియ్యం వల్ల ఇంటికి కలిగే మేలు 1,200 రూపాయలు.

ఇక పప్పు సంగతి. మనిషికి రోజుకు 85 గ్రాముల పప్పుగాని, దానికి బదులు మాంసం, గుడ్డుగాని ఉండాలని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతోంది. అంతా పప్పే అనుకుంటే ఐదుగురికి నెలకు పన్నెండు ముప్పావు కిలోలు కావాలి. అదే 2024 జులైలో రైతుబజారులో కందిపప్పు తగ్గింపు ధర కిలో 160 రూపాయలు. ఆ లెక్కన నెలకు 2,040 రూపాయలు.

2024-25లో రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 300 రూపాయలు. పప్పుకే దాదాపు ఏడు రోజుల కూలి పోవాలి. ఏడాదిలో నూరు రోజుల పనీ దొరికినా వచ్చేది 30,000 రూపాయలు, అంటే నెలకు 2,500. అందులో 2,040 పప్పుకే పెడితే ఉప్పుకూ మందుకూ మిగిలేది 460 రూపాయలు. పిల్లలున్నారని సగం పప్పే వండినా వెయ్యి రూపాయలకు తక్కువ కాదు. అందుకే ఇలాంటి ఇంట్లో ముందు తగ్గేది పప్పు గరిటె. పప్పు పోయి పచ్చిపులుసు, పచ్చిపులుసు పోయి కారం పొడి వస్తున్నాయి. కడుపు నిండుతుంది కాని ఒంటికి బలం పట్టదు.

ధర దిగితే రైతుకు దెబ్బ

2025లో కందిపప్పు ధర దిగింది నిజమే. కిలో 120 రూపాయలకు వేసుకున్నా ఐదుగురి ఇంటికి నెలకు 1,530 రూపాయలు. 2025-26 ఉపాధి కూలి 307 ప్రకారం అది ఐదు రోజుల కష్టం.

ఇందులో మరో చిక్కు ఉంది. కంది ఈ ప్రాంతంలోనే పండుతుంది. క్వింటాలు కందులు మరపట్టిస్తే వచ్చే పప్పు సుమారు 70 కిలోలు. 2025-26 మద్దతు ధర క్వింటాలుకు 8,000 రూపాయలు. ఆ ధర రైతుకు దక్కాలంటే కిలో పప్పులో కందుల ఖరీదే 114 రూపాయలు పడుతుంది. మిల్లు కూలి, లారీ బాడుగ, అంగడి లాభం దాని మీద పడాలి. అంగట్లో పప్పు 120కి దొరికిందంటే కంది రైతుకు మద్దతు ధర ముట్టలేదనే అర్థం. రెండు మూడెకరాల రైతులు ఏడాదిలో సగం రోజులు కూలికి పోయేవారే. పప్పు చౌకైతే రైతుగా నష్టం, ప్రియమైతే కూలీగా నష్టం. అమ్మేటప్పుడు ఒక దెబ్బ, కొనేటప్పుడు ఒక దెబ్బ.

ఉల్లి, టమోటాలదీ ఇదే కథ. 2023 జులైలో టమోటా కిలో నూరు దాటితే ప్రభుత్వం రైతుబజార్లలో 50 రూపాయలకు అమ్మించింది. 2025లో కర్నూలు ఉల్లి ధర కుప్పకూలితే క్వింటాలు 1,200 రూపాయలకు సర్కారే కొని, ఆ తర్వాత హెక్టారుకు 50 వేలు సాయం ప్రకటించవలసి వచ్చింది.

వెనుక ఇంటింటా ఏడాదికి సరిపడా కందులు కుండల్లో దాచి, విసుర్రాయి మీద పప్పు చేసుకునేవారు. ఇప్పుడు కళ్లంలోనే అప్పులవాడు నిలబడుతున్నాడు. గింజ ఇల్లు చేరకముందే మార్కెట్టుకు పోతోంది.

నూనె, అరువు

ఆదోని పత్తికీ బుడ్డలకూ పేరుపడ్డ మార్కెట్టు. అయినా పల్లె అంగట్లో ఎక్కువగా అమ్ముడయ్యేది ప్యాకెట్టు నూనె. దేశం వాడే వంటనూనెలో సగానికి పైగా విదేశాలదే. 2024 సెప్టెంబరులో కేంద్రం ముడి నూనెల మీద దిగుమతి సుంకాన్ని, సెస్సులతో కలిపి, ఐదున్నర నుంచి 27.5 శాతానికి పెంచగానే దసరా ముందే ప్యాకెట్టు ధర ఎక్కింది. 2025 మే నెలాఖరున సుంకాన్ని 16.5 శాతానికి తగ్గించారు. నూనె గింజల రైతును కాపాడటానికే సుంకం అన్నారు. కాని ఆ భారం మోసింది రోజూ పావు లీటరు కొనే ఇల్లాలు.

చేతిలో డబ్బున్న ఇల్లు నెల సరుకు ఒకేసారి తెచ్చుకుంటుంది. లేని ఇల్లు పావు కిలో, అర పావు చొప్పున ఖాతా మీద తెచ్చుకుంటుంది. అరువు పెట్టినవాడు ధర అడగలేడు. పన్నుదీ అదే తీరు. 2022 జులై 18న పేరు ముద్రించి మూట కట్టిన 25 కిలోల లోపు బియ్యం, పప్పులకు ఐదు శాతం జీఎస్టీ వేశారు. వెంటనే 26 కిలోల సంచులు బజారుకు వచ్చాయి. పెద్ద సంచి కొన్నవారికి పన్ను తప్పింది. కిలో పొట్లం కొన్నవారికి తప్పలేదు.

ఎమ్మిగనూరులో సెంటు భూమి లేని నేత కుటుంబాలకు ఈ బాధ ఇంకా ఎక్కువ. 1938లో మాచాని సోమప్ప స్థాపించిన చేనేత సహకార సంఘంతో పేరు తెచ్చుకున్న ఊరది. మగ్గం మీద కూలి బట్ట దిగితేనే వస్తుంది. అంగడి ఖాతా మాత్రం రోజూ పెరుగుతుంది.

సాయం ఉంది, సమయానికి లేదు

సర్కారు సాయం లేదనలేం. 2024 జులైలో వృద్ధుల పింఛను 4,000 రూపాయలైంది. ఆ ఏడాది నవంబరులో ఏడాదికి మూడు ఉచిత సిలిండర్ల పథకం మొదలైంది. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవారికి పల్లెవెలుగు బస్సులో టిక్కెట్టు లేదు. కాని సిలిండరుకు ముందు డబ్బు కట్టాలి, సొమ్ము తర్వాత ఖాతాలో పడుతుంది. బస్సు రాని ఊరికి ఆటోనే గతి. 2024 జులైలో సెల్‌ఫోను కంపెనీలు రీచార్జి ధరలు పెంచాయి. బయటి ఊళ్లకు పోయిన మనిషితో మాట్లాడాలంటే అదీ తప్పని ఖర్చే.

చివరకు సుగ్గి

పంటలు ఇంటికి చేరి, పనులు ఆగిపోయే రోజుల్లో అంగడి బాకీ గొంతు మీద కూర్చుంటుంది. అప్పుడు కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు మండలాల నుంచి కుటుంబాలు మూటాముల్లె కట్టుకుని గుంటూరు వైపు మిరప కోతలకు సుగ్గికి పోతాయి. బియ్యం ఏ ఊరి దుకాణంలోనైనా తీసుకునే వీలు కల్పించారు. బడిని మాత్రం మూటలో కట్టుకుపోలేరు. బడిలో మధ్యాహ్నం దొరికే పప్పు, గుడ్డు కూడా బిడ్డకు తప్పిపోతాయి. ఇంట్లో లేని పప్పు ఆ బిడ్డకు దొరికే చోటు అదొక్కటే.

చేయవలసిందేమిటి?

2024 అక్టోబరులో రేషను దుకాణాల్లో కార్డుకు కిలో కందిపప్పు 67 రూపాయలకు ఇచ్చారు. అప్పటి 160 రూపాయల లెక్కన ఇంటికి 93 రూపాయల మేలు. పన్నెండు కిలోలు కావలసిన ఇంటికి ఒక కిలో చాలదు. అదీ నెలనెలా తప్పకుండా అందితేనే ఇల్లాలు దాన్ని లెక్కలో వేసుకోగలదు.

ఈ ప్రాంతపు కందిని కళ్లం దగ్గరే మద్దతు ధరకు కొని, ఇక్కడే మరపట్టించి, ఇక్కడి కార్డుదారులకు కనీసం మూడు కిలోల చొప్పున ఇస్తే రైతుకు ధర, మిల్లు కూలీకి పని, ఇంటికి పప్పు ఒక్క దారిలో వస్తాయి. సుగ్గికి పోయే ఇళ్ల పిల్లలకు సీజనల్ హాస్టళ్లు కోతలు మొదలయ్యాక కాక, మూటలు కట్టకముందే తెరవాలి.

బియ్యం ఇవ్వడం నలభై ఏళ్ల కిందటి ఆకలికి సమాధానం. నేటి ఆకలి పప్పు దగ్గర ఉంది. అధికారులు పల్లెల్లో బియ్యం సంచులతోపాటు అంగడి ఖాతా పుస్తకాలను కూడా తిరగేస్తే సంగతి వారికే తెలుస్తుంది.