పొగాకు మాన్పుట: గ్రామమే పూనుకొనవలెను



జిల్లాల నుండి హైదరాబాదు వచ్చు మన వారిలో అనేకులు నాంపల్లి స్టేషనులో దిగుదురు. అబిడ్స్‌లో బట్టలు కొందురు, జనవరిలో నుమాయిష్ చూతురు. ఆ నాంపల్లికి చేరువనే, రెడ్‌హిల్స్‌లో, 1955లో నెలకొల్పిన మెహదీ నవాజ్ జంగ్ క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నది. అక్కడికి పల్లెల నుండి వచ్చువారు వేడుకకు వచ్చినవారు కారు. ఆసుపత్రి నగరములో ఉన్నను వ్యాధికి బీజము పడునది మన పొలం గట్టుననే, రచ్చబండ వద్దనే. కావున పొగాకు మాన్పించు పనికి గ్రామమే ముందుకు రావలెనని నా అభిప్రాయము.

పేనుబంకను చంపుటకు పొగాకు కషాయము చల్లుట మీకు తెలిసినదే. తడి ఆకు కోయువారికి నికోటిన్ చర్మము గుండా ఎక్కి తల తిరుగుట, వాంతులు కలుగుట కూడ ఎరుగుదురు. ఈ నికోటినే అలవాటును బిగించును. పొగాకులోను, దాని పొగలోను ఉన్న ఇతర విషములు క్యాన్సరును కలిగించును. పొగ గుండెను, ఊపిరితిత్తులను కూడ చెరచును.

బీడీ చిన్నది గనుక హాని తక్కువ యనుట పొరపాటు. ఖైనీకి, గుట్కాకు పొగ లేకున్నను నోటి క్యాన్సరు తప్పుననుటకు లేదు. ఉత్తర కోస్తాలో చుట్ట నిప్పును నోటిలో ఉంచి కాల్చు అడ్డపొగ వలన అంగుటి క్యాన్సరు వచ్చునని వైద్యులు ఏనాడో గుర్తించిరి.

మరి చేయవలసినదేమి?

1. కూలీలకు, చుట్టాలకు మర్యాదగా బీడీలిచ్చు ఆచారము ఉన్నచోట దానిని మానవలెను. మజ్జిగ ఇచ్చిన మర్యాద తగ్గదు.

2. బహిరంగ స్థలములలో పొగ త్రాగరాదను నియమము 2008 అక్టోబరు 2 నుండి అమలులో ఉన్నది. నాంపల్లి స్టేషనుకు వర్తించునది మన పంచాయతీ కార్యాలయమునకు కూడ వర్తించును. గ్రామాధికారులు ముందు తాము పాటించి చూపవలెను.

3. 2003 చట్టము ప్రకారము పద్దెనిమిదేండ్లు నిండనివారికి పొగాకు అమ్మరాదు. బడికి నూరు గజముల లోపల అసలే అమ్మరాదు. పిల్లవానిని బీడీలు తెమ్మని దుకాణమునకు పంపుట ఈ చట్టమును మనమే చెరచుట.

4. మానదలచినవారు ఒక తేదీ నిర్ణయించుకొని ఇంటివారికి చెప్పవలెను. 1800-11-2356 అను ఉచిత ఫోనునకు మాట్లాడిన సలహా లభించును.

5. నోటిలో తెల్లని లేక ఎర్రని మచ్చ ఉన్నను, పుండు రెండు వారములలో మానకున్నను, నోరు పూర్తిగా తెరువలేకున్నను వెంటనే వైద్యునికి చూపవలెను.

ఇన్నేండ్లు కాల్చితిమి, ఇప్పుడు మానిన నేమి లాభమని నిరాశపడవలదు. మానిన ఏడాదికే గుండెజబ్బు ముప్పు, కాల్చువారితో పోల్చిన, దాదాపు సగమగును. కలుపును తొలి దశలోనే తీయు రైతుకు ఇంతకన్న చెప్పనక్కరలేదు. ఈ మాట వచ్చే గ్రామసభలో చర్చకు పెట్టుడు.