టర్బో మీద పడ్డ నింద

మా చిన్నాన్నగారబ్బాయి దసరా సెలవులకి భార్యాపిల్లలతో అరకు బయల్దేరాడు. విశాఖ నుంచి శృంగవరపుకోట దాకా కారు చక్కగా నడిచింది. అనంతగిరి ఘాట్ మొదలయ్యాక చతికిలబడింది. ఇంజిన్ లైటు వెలిగింది, ఎంత తొక్కినా వేగం అందుకోదు, వెనక బస్సువాడు ఒకటే హారన్. పక్కకి తీసి, ఆపి, మళ్లీ స్టార్ట్ చేస్తే మామూలే! నాలుగు మలుపులు తిరిగేసరికి అదే వరస. పిల్లలు ఏడుపు మొహాలేసుకుంటే వెనక్కి దిగొచ్చేశాడు. మెకానిక్ స్కానర్ పెట్టి, ‘టర్బో పోయింది సార్, అరవై వేలవుతుంది’ అన్నాడట.

‘అన్నయ్యా, మార్పించెయ్యనా?’ అని ఫోను.

‘ఆగరా బాబూ’ అన్నాను.

వాడిది కామన్ రైల్ డీజిల్ ఇంజిన్. ఇందులో పంపు డీజిల్‌ని గట్టిగా నొక్కి ‘రైలు’ అనే లావుపాటి గొట్టంలోకి పంపుతుంది. అక్కణ్నుంచి ఇంజెక్టర్లు సిలిండర్లలోకి చిమ్ముతాయి. మన వంటింట్లో కుక్కర్ విజిలేసేటప్పుడు లోపల ఉండే అదనపు ఒత్తిడి సుమారు ఒక బార్. బండి నిలబడి ఇంజిన్ ఊరికే తిరుగుతుంటే ఈ రైల్లో ఒత్తిడి 300 బార్ ఉంటుంది. నిండా జనంతో కొండెక్కేటప్పుడు 1400, 1600 కావాలి. అందుకే ఊళ్లో బాగా తిరిగే కారు ఘాట్‌లో దొరికిపోతుంది. అడిగినంత ఒత్తిడి రాకపోతే కంప్యూటర్ ఇంజిన్ శక్తిని తగ్గించేస్తుంది. ఆపి స్టార్ట్ చేస్తే మళ్లీ ఓ అవకాశమిచ్చి చూస్తుంది.

మరి టర్బో మీద అనుమానమెందుకు? స్కానర్‌లో పీ0299 వచ్చింది. అంటే టర్బో ఇవ్వాల్సినంత గాలి ఇవ్వడం లేదని. మెకానిక్ అబద్ధమాడలేదు. కానీ టర్బో తిరిగేది ఇంజిన్ వదిలే వేడి వాయువుల తోపుతో. డీజిల్ తగ్గితే మంట తగ్గుతుంది, తోపు తగ్గుతుంది, గాలీ తగ్గుతుంది. పొయ్యిలో కట్టెల్లేక అన్నం ఉడక్కపోతే గిన్నెని తిట్టినట్టు! స్కానర్‌లో కిందికి జరిపి చూడమన్నాను. పీ0087 కూడా ఉంది. రైల్లో ఒత్తిడి తక్కువని దానర్థం.

‘నల్ల పొగొచ్చిందా?’ అనడిగాను. రాలేదన్నాడు. టర్బో గాలి గొట్టం చిరిగితే డీజిల్ ఎక్కువై, గాలి తక్కువై నల్లపొగ కమ్మేస్తుంది, బుస్సుమని చప్పుడూ వస్తుంది. డీజిలే అందకపోతే పొగుండదు.

ఆదివారం స్కానర్ తగిలించుకుని, నలుగురం ఎక్కి సింహాచలం కొండదారి పట్టాం. స్కానర్ రెండు అంకెలు చూపిస్తుంది: కంప్యూటర్ అడిగిన ఒత్తిడి, నిజంగా వచ్చిన ఒత్తిడి. కింద రెండూ సమానం. ఎత్తు మీద 1400 అడిగితే 900 దగ్గరే వేలాడింది. ఇంటి దగ్గర నిలబెట్టి ఎన్నిసార్లు చూసినా ఇది బయటపడేది కాదు.

‘డీజిల్ ఫిల్టర్ ఎప్పుడు మార్చావురా?’

‘అది కూడా మార్చాలా?’

ఫిల్టర్‌లోది గాజు సీసాలోకి వంపితే అడుగున వేలెడు నీళ్లు. కొత్తది రెండు వేల లోపే. మార్చి మళ్లీ కొండెక్కితే అంకెలు రెండూ జంటగా నడిచాయి.

అలా నడవకపోతే తర్వాత చూసేవి: ట్యాంకు నుంచి వచ్చే గొట్టం గాలి పీలుస్తోందా, ఇంజెక్టర్ల నుంచి డీజిల్ ఎక్కువగా వెనక్కి కారిపోతోందా అని. ఈ రెండోదానికి ఒక్కో ఇంజెక్టర్‌కి ఒక్కో చిన్న సీసా తగిలిస్తారు. ఏది మిగతావాటికన్నా తొందరగా నిండితే అదే దొంగ. ఇది తెలిసిన మెకానిక్ చెయ్యాల్సిన పని. ఇంజిన్ నడుస్తుండగా రైలు గొట్టాల నట్లు మాత్రం ఎవరూ ముట్టుకోకూడదు. ఆ చిమ్ము చర్మంలోంచి లోపలికి దూరిపోతుంది. పైకి చీమ కుట్టినంతే కనిపిస్తుంది గానీ వెంటనే ఆపరేషన్ చెయ్యకపోతే వేలే పోవచ్చు.

పాత ఫిల్టర్ కోసి, లోహపు తళుకులున్నాయేమో చూశాం. ఉంటే పంపు అరిగి, ఆ పొడి వ్యవస్థంతా పాకినట్టు. అప్పుడు అరవై వేలు కూడా చాలవు. మావాడి అదృష్టం, బురద తప్ప ఏమీ లేదు. కార్తీకంలో మళ్లీ అరకు వెళ్లొచ్చారు.