పన్నెండు క్రెడిట్లలో పద్యానికి చోటేదీ?

సామర్లకోట స్టేషన్లో విశాఖ బండి కోసం నిలబడ్డ తెలుగు పీహెచ్‌డీ పిల్లల సంచుల్లో కావ్యాలకన్నా పరిశోధన పద్ధతుల జిరాక్సులే ఎక్కువ. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం కోర్సువర్కుకు కనీసం 12 క్రెడిట్లు. అందులో రెండైనా కవిత్వానువాదానికి ఇవ్వమంటాను. పద్యాన్ని ఇంకో భాషలోకి దించాలంటే సమాసం విప్పాలి, యతి ఎందుకక్కడ పడిందో చూడాలి, క్రియ కోసం ఒక్కోసారి నాలుగో పాదం దాకా ఆగాలి. ఏ సెమినార్ పేపరు ఇంత చదివిస్తుంది? అనువాదం మనకు కొత్తేం కాదు: శ్రీహర్షుడి నైషధ కావ్యాన్ని తెలుగు చేసిన శ్రీనాథుడే మన పక్కనున్న దాక్షారామం మీద భీమేశ్వర పురాణం రాశాడు. వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ ఆయన పద్యాలను ఇంగ్లీషులోకి తీసుకెళ్లారు. మనవాళ్లేమో ప్లేజియరిజం శాతం చూసుకుంటూ కూర్చున్నారు, పాపం. మార్కులెలా వేస్తారంటారా? ఒకే పద్యానికి ఇద్దరి అనువాదాలు ముందుపెట్టి వైవా అడగండి, ఎవరు చదివారో ఇట్టే తేలిపోతుంది.